రెండో పాట ఎందుకు రాదు?

పాలకొల్లులో కాలువ పక్కన ఒక మేడగదిలో సాయంత్రాలు నేను గిటారు నేర్పుతాను. పోయిన డిసెంబరులో, క్రిస్మస్ పాటల రిహార్సల్స్ జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక కుర్రాడు వచ్చాడు. వయసు ఇరవై రెండు. పగలు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం, ఆదివారాలు చర్చిలో గిటారు. రెండేళ్ల కిందట అతను సొంతంగా ఒక తెలుగు రాక్ పాట కట్టి ఫోనులో రికార్డు చేశాడు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లల ఫోన్లన్నిటిలోకీ అది చేరింది. నేనూ విన్నాను. మంచి పాట, మొహమాటానికి అంటున్న మాట కాదు. ఆ తరువాత అతనికి రెండో పాట రాలేదు.

“మాస్టారూ, నాలో ఉన్నది ఆ ఒక్క పాటేనేమోనండి,” అన్నాడు.

ఆ రాత్రి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. పదకొండేళ్లు ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటారు వాయించినవాడిని, ఆ భయం నాకు తెలుసు. ఇలాంటప్పుడు పెద్దవాళ్లు సరస్వతీ కటాక్షం అంటారు, పూర్వజన్మ సుకృతం అంటారు. ఆ మాటల మీద నాకు గౌరవం ఉంది. కానీ రేపు పొద్దున గిటారు చేతిలోకి తీసుకుని ఏం చేయాలో అవి ఆ కుర్రాడికి చెప్పవు. రాక్ సంగీతంలో ఒక వెసులుబాటు ఉంది. అది పుట్టి డెబ్బై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఏ పాట ఎలా మొదలైంది, ఎక్కడ ఆగింది, ఇరవై ఏళ్ల వయసులో ఒకరు ఏం చేశారు, అరవై ఏళ్లకు ఏం చేశారు అన్నది టేపుల్లో, సంభాషణల్లో, ఆఖరికి కోర్టు కాగితాల్లో కూడా మిగిలి ఉంది. ఆ కథలను వరుసగా పెట్టి చూసుకుంటే నాకు ఒక సంగతి తేటపడింది. ఒక సంగీత జీవితం పొడవునా సృజన ముందున్న చిక్కు ఒకటే కాదు. మొదట్లో చిక్కు సొంత గొంతు లేకపోవడం. తరువాత చిక్కు ఆ గొంతు ఉండడమే.

ఎరువు సొమ్ము

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. సంగీతంలో మాత్రం అందరి కాపురమూ ఎరువు సొమ్ముతోనే మొదలవుతుంది. ఇంగ్లండు రాక్ బృందం బీటిల్స్ 1960 ఆగస్టులో లివర్‌పూల్ నుంచి జర్మనీలోని హాంబర్గ్ వెళ్లి, 1962 డిసెంబరు దాకా విడతలు విడతలుగా అక్కడి క్లబ్బుల్లో వాయించారు. రాత్రుళ్లు గంటల తరబడి కచేరి. వాయించినవి చాలా వరకు అమెరికా పాటలు. 1963 ఫిబ్రవరి 11న లండన్ స్టూడియోలో ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేసి తొలి ఆల్బమ్ పూర్తి చేశారు. అందులో ఉన్న 14 పాటల్లో ఆరు వేరేవాళ్లు కట్టినవి. ఆ బృందంలోని లెనన్, మెకార్ట్నీ అంతటి పాటకర్తల మొదటి ఆల్బమ్‌లో దాదాపు సగం అరువే.

ఈ సంగతి మొదట తెలిసినప్పుడు నాకు ఒక బాధ కలిగింది. శ్రీరామనవమి పందిళ్లు, చవితి ఉత్సవాలు, అంతర్వేది తీర్థం, పెళ్లిళ్లు అంటూ రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి కోడి కూసేదాకా మేమూ వాయించాం. గంటల లెక్కలో హాంబర్గుకు తీసిపోలేదు. మా బృందంలో చేయి తిరిగిన వాద్యకారులు ఉండేవారు. మరి మాలోంచి సొంత పాటలు ఎందుకు రాలేదు?

చాలా ఏళ్లు ఆలోచించాక నాకు దొరికిన జవాబు, వినేవాళ్లు ఏమి అడిగారన్నది. మా ముందు కూర్చున్నవాళ్లకు సినిమా పాట క్యాసెట్టులో ఎలా ఉందో అచ్చం అలాగే కావాలి. రెండో చరణం ముందు వచ్చే ఫ్లూటు బిట్‌లో ఒక్క స్వరం పక్కకు జరిగినా వెనక వరుసలోంచి కేక వినిపించేది. అసలుకు ఎంత దగ్గరగా వాయిస్తే అంత గొప్ప వాద్యకారుడు. హాంబర్గ్ క్లబ్బు యజమానికి ఆ పట్టింపు లేదు. అతనికి కావలసింది సందడి, విరామం లేకుండా గంటలు నిండడం. అందుకని మూడు నిమిషాల పాటను వాళ్లు ఎంతసేపైనా సాగదీయవలసి వచ్చేది. సాగదీస్తూ పోతే ఒకచోట అరువు తెచ్చుకున్నది అయిపోతుంది. ఆ పైన వాయించేది సొంతం కాక తప్పదు. ఒకే రకం కూలి, ఒకే రకం రాత్రులు. తప్పు చేయడానికి అక్కడ చోటు ఉంది, మా దగ్గర లేదు. మా తరం వాద్యకారుల గురించి ఎవరైనా తేలికగా మాట్లాడితే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. వాళ్లలో లోటు ఏమీ లేదు.

అనుకరణ చేతికి దారులు నేర్పుతుంది. ఏ చోట శ్రోత తల ఎత్తుతాడో, ఏ చోట పక్కవాడితో మాట్లాడడం మొదలుపెడతాడో చెవికి నేర్పుతుంది. ఇవి పుస్తకాల్లో దొరకవు. చర్చిలో పదేళ్లు ఒకే నాలుగు కార్డుల (కొన్ని స్వరాలను కలిపి మోగించే అమరికల) కీర్తనలు వాయించిన మా కుర్రాడి దగ్గర ఇవన్నీ ఉన్నాయి. అతనికి కొరవడింది అనుకరణ కాదు.

మండె కట్టడం

డెల్టాలో పెరిగినవాళ్లకు నారుమడి సంగతి చెప్పనక్కర్లేదు. వరి విత్తనాన్ని ఒక రోజు నానబెడతారు. నీళ్లు వంచేసి, గోనె సంచిలో కట్టి, పైన గడ్డి కప్పి, బరువు పెట్టి మరో రోజు వదిలేస్తారు. దాన్ని మండె కట్టడం అంటారు. ఆ చీకట్లో, ఆ ఉక్కలో మొలక వస్తుంది. మాటిమాటికీ విప్పి చూస్తే వేడి పోతుంది. విప్పడం ఆలస్యమైతే మొలకలు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి చల్లడానికి వీలుకాదు.

గ్రాహం వాలస్ అనే ఆంగ్ల పండితుడు 1926లో సృజనను నాలుగు దశలుగా విడదీశాడు. విషయాన్ని నింపుకోవడం, దాన్ని లోపల వదిలేయడం, స్ఫురించడం, స్ఫురించినదాన్ని సరిచూసుకోవడం. రెండో దశకు మన రైతుల మాటకన్నా మంచి పేరు నాకు దొరకలేదు. చిత్రమేమిటంటే రాక్ కథల్లో జనం ఇష్టంగా చెప్పుకునేది మూడో దశ ఒక్కటే. కలలో వచ్చిన బాణీ, నిద్రలో దొరికిన బిట్. ఆ కలకు ముందూ వెనకా ఏం జరిగిందో చూస్తేగాని అసలు పని కనిపించదు.

పాల్ మెకార్ట్నీ ఒక ఉదయం నిద్రలేచేసరికి ‘యెస్టర్‌డే’ పాట బాణీ మొత్తం మనసులో ఉంది. మంచం పక్కనే ఉన్న పియానో దగ్గరకు వెళ్లి వాయించుకున్నాడు. అంతవరకూ అందరికీ తెలిసిందే. ఆ తరువాత అతను చేసిన పని నాకు కలకన్నా గొప్పగా కనిపిస్తుంది. ఇంత సులువుగా వచ్చిందంటే ఇది ఎవరిదో అయి ఉంటుందని అనుమానపడ్డాడు. అతని తండ్రి ఒకప్పుడు జాజ్ బృందం నడిపిన మనిషి. చిన్నప్పుడు ఇంట్లో విన్న పాత బాణీ ఏదైనా ఇలా తిరిగొచ్చిందేమో అనుకున్నాడు. వారాల తరబడి కనిపించినవాళ్లకల్లా వినిపించి, ఇది ఎక్కడైనా విన్నారా అని అడిగాడు. ఎవరూ తమకు తెలుసని చెప్పకపోయాకే తనదని నమ్మాడు. మాటలు అప్పటికి లేవు. బాణీ మరచిపోకుండా ఉండడానికి కోడిగుడ్డు పొరటు గురించి ఏవో డమ్మీ మాటలు వేసుకుని పాడుకునేవాడు. మన సినిమా పాటల వాళ్లు తానన తానా అని వేసుకున్నట్టే. అసలు మాటలు 1965 మేలో పోర్చుగల్ ప్రయాణంలో కుదిరాయి. జూన్ 14న రికార్డు చేశాడు. అదే రోజు, అదే గొంతుతో, గుండెలు బద్దలయ్యేలా అరిచే ‘ఐ యామ్ డౌన్’ కూడా పాడాడు. నేనెప్పుడూ విద్యార్థులకు ఆ ఒక్క రోజు గురించి చెబుతాను.

రోలింగ్ స్టోన్స్ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ కథ కూడా అదే ఏడాదిది. నిద్రలో దొరికిన గిటారు బిట్‌ను మంచం పక్కనున్న టేపులో వాయించి మళ్లీ పడుకున్నాడు. పొద్దున టేపు వెనక్కి తిప్పి వింటే కొంచెం గిటారు, మిగిలినదంతా గురక. ‘శాటిస్‌ఫాక్షన్’ పాటకు ప్రాణమైన ఆ బిట్‌ను ట్రంపెట్ల వంటి వాద్యాలతో వాయించాలని అతని ఉద్దేశం. వాటి స్థానం గుర్తుగా ఉంటుందని ఫజ్ అనే పరికరంతో గిటారు ధ్వనిని గరుకుగా చేసి వాయించాడు. ఇది నమూనా మాత్రమే, విడుదలకు పనికిరాదన్నాడు. బృందంలో మిగిలినవాళ్లు ఒప్పుకోలేదు, పాట విడుదలైంది, ఆ గరుకు ధ్వనే ప్రపంచమంతా మోగింది. నాలుగో దశ, అంటే సరిచూసుకోవడం, ఒక్కడి చేతిలో ఉంటే ఆ పాట ఏమయ్యేదో! రాక్‌లో బృందం చేసే పెద్ద ఉపకారం ఇదే. మన పాటను మనకన్నా బాగా వినే చెవులు పక్కనే ఉంటాయి.

సరిచూసుకోవడంలో జారితే ఏమవుతుందో జార్జ్ హారిసన్‌కు తెలిసింది. బీటిల్స్‌లో అతని పాటలకు సాధారణంగా ఆల్బమ్‌కు ఒకటో రెండో స్థానాలు దక్కేవి. బృందం విడిపోయిన 1970లోనే మూడు రికార్డుల ఆల్బమ్ తెచ్చాడు. ఏళ్లుగా మండెలో ఉన్నదంతా ఒక్కసారి విప్పినట్టు. అందులోని ‘మై స్వీట్ లార్డ్’ ప్రపంచమంతా మోగింది. కానీ దాని బాణీ అంతకుముందు వచ్చిన ఒక అమెరికన్ పాటదని దావా పడింది. 1976లో న్యాయమూర్తి, హారిసన్ తెలిసి దొంగిలించలేదని, అతని మనసు తనకు తెలియకుండానే ఆ బాణీని తిరిగి ఇచ్చిందని అంటూనే, అది కాపీయేనని తేల్చారు. విషయాన్ని నింపుకునే మొదటి దశలో మనం విన్నదంతా లోపల ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు అది తన ఊరి పేరు చెప్పదు. మెకార్ట్నీ వారాల తరబడి అందరినీ ఎందుకు అడిగాడో ఇక్కడ అర్థమవుతుంది.

మెదడు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. 2008లో అమెరికా పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో వాద్యకారులను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, అప్పటికప్పుడు అల్లి వాయించమన్నారు. అల్లుతున్నప్పుడు తనను తాను కనిపెట్టుకుని అదుపు చేసుకునే పనికి సంబంధించిన మెదడు భాగంలో చురుకు తగ్గింది. సొంత అనుభవాన్ని వ్యక్తం చేయడంతో ముడిపడిన భాగంలో పెరిగింది. ఆరుగురి మీద చేసిన పరిశీలన, అదీ జాజ్‌లో. దాని మీద పెద్ద మేడలు కట్టను. అయినా వాయించేవాడెవడికైనా ఆ ఫలితం పరిచయమున్న మనిషిలాగే కనిపిస్తుంది.

ఐదు తీగలు

ఇప్పుడు మా ఊరి సంగతి. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులోనే పుట్టాడు. లోకమంతా మాండొలిన్ శ్రీనివాస్ అని పిలిచిన ఆ మనిషిని రాక్ గురించిన వ్యాసంలోకి ఎందుకు తెచ్చానంటే, ఎలక్ట్రిక్ తీగ వాద్యంతో ఒక మనిషి సృజన ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ నాకు తెలియదు.

ఆరేళ్ల పిల్లవాడు తండ్రి మాండొలిన్ చేతిలోకి తీసుకున్నాడు. నేర్పడానికి కుదిరిన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యం వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. చేతిని చూసి అనుకరించే వీలే లేదు. గాత్రంలో ఉన్నది వేళ్లలోకి ఎలా రావాలో ప్రతిసారీ తనే కనిపెట్టాలి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరి చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్లు.

మాండొలిన్‌తో కర్ణాటక సంగీతానికి ఉన్న అసలు ఇబ్బంది ఇది. దాని తీగలు జతలు జతలుగా, ఎనిమిది ఉంటాయి. మీటగానే టింగుమని మోగి ఆగిపోతాయి. స్వరాన్ని ఊపి పలికే గమకం కావాలంటే తీగను పక్కకు లాగాలి, లాగినంతసేపూ నాదం నిలవాలి. జత తీగలను కలిపి లాగితే శ్రుతి చెదురుతుంది. శ్రీనివాస్ జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ వాద్యం కావడంతో నాదం నిలిచింది. పెద్ద విద్వాంసులు ముందు సందేహించిన ఆ చిన్న వాద్యంలో తోడి, కాంభోజి రాగాలు పలికాయి.

అదే ఇబ్బందితో ఇంకో ఖండంలో ఇంకో మనిషి కుస్తీ పట్టాడు. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్, మీటిన స్వరం ఆగిపోకుండా కోరినంతసేపు మోగే ‘ఇన్ఫినిట్ గిటారు’ను తయారు చేశాడు. 1987లో యూటూ బృందం పాట ‘విత్ ఆర్ వితౌట్ యూ’లో సన్నని దారంలా సాగే ఆ గిటారు నాదం దానిదే. ఈ ఇద్దరూ కలిసి 1995లో ఒక ఆల్బమ్ చేశారు. తీగ నాదం త్వరగా చచ్చిపోతుందన్న ఒకే దుఃఖం ఇద్దరిదీ. ఒకరు గమకం కోసం, ఒకరు రాక్ పాటలోని ఒంటరి స్వరం కోసం వెళ్లి ఒకే చోట కలిశారు. పాలకొల్లు బస్టాండు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తుకొస్తుంది.

సరిహద్దు గీసుకుంటే సృజన తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగు స్వరాలతోనూ, మూడు స్వరాలతోనూ కొత్త రాగాలు కట్టారు. ఐదు స్వరాలైనా ఉండాలన్న అలవాటును పక్కన పెట్టి, ఉన్న కాస్త చోటులో రాగం నిలుస్తుందా అని చూశారు. లవంగి, మహతి అలా వచ్చినవే.

కోరుకోని హద్దులు కూడా ఉంటాయి. 1965లో బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల గిటారిస్టు టోనీ అయోమీకి రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు కట్టాడు, తరువాత వాటిని బాగా వదులు చేశాడు. అతని బృందం బ్లాక్ సబ్బాత్ 1971లో తెచ్చిన ఆల్బమ్‌లో అతని గిటారు మామూలు శ్రుతికన్నా మూడు స్వరస్థానాలు కిందికి దిగింది. వేళ్ల సులువుకోసం చేసిన మార్పుల్లోంచి వచ్చిన ఆ బరువైన ధ్వనే రాక్‌లో హెవీ మెటల్ అనే శాఖకు పునాదుల్లో ఒకటైంది. అయినా ప్రమాదం వరమని నేను అనను. మా రైసు మిల్లుల్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. వాళ్లకు మిగిలింది కష్టమే. అయోమీకి వేళ్లు పోకముందే వాటిలో పాట ఉంది. ఉన్న పాటకు పాత దారి మూసుకుపోయింది, అంతే.

దారి మూసుకుపోతే ఎందుకు మేలు జరుగుతుంది? గిటారు వాయించేవాళ్ల వేళ్లు ఎద్దుల్లాంటివి. పగ్గం వదిలితే రోజూ వెళ్లే దారిలోనే ఇంటికి చేరతాయి. పాట కడదామని కూర్చుంటే వేళ్లు తెలిసిన ఆకారాల్లోకి వాటంతట అవే పడిపోతాయి, తెలిసిన పాటే వస్తుంది. 1960ల చివర్లో కీత్ రిచర్డ్స్‌కు మామూలు శ్రుతిలో ఇక కొత్తగా ఏమీ దొరకని స్థితి వచ్చింది. అతను లావుగా ఉండే ఆరో తీగ తీసి పారేసి, మిగిలిన ఐదింటినీ వేరే శ్రుతిలో కట్టాడు. మన లెక్కలో చెప్పాలంటే స ప స గ ప. ఏ తీగా నొక్కకుండా మీటితే చాలు, ఒక పూర్తి కార్డు మోగుతుంది. తెలిసిన ఆకారంలో వేలు పెడితే తెలియని ధ్వని వస్తుంది. పేరుమోసిన గిటారిస్టు మళ్లీ తడుముకునే విద్యార్థి అయ్యాడు. 1969 నుంచి రోలింగ్ స్టోన్స్ పాటల్లో మోగే ఆ ప్రత్యేకమైన గిటారు చాలా వరకు ఈ ఐదు తీగలదే.

తనలాగే ఉండడం, తనలా లేకపోవడం

రాక్ లోకంలో ఒక నానుడి ఉంది. మొదటి ఆల్బమ్‌కు పుట్టిన దగ్గర నుంచి కాలమంతా దొరుకుతుంది, రెండో దానికి ఆరు నెలలు దొరుకుతాయి అని. మా కుర్రాడి మొదటి పాట వెనక ఇరవై ఏళ్లు నానిన విత్తనం ఉంది. రెండో పాట వెనక ఏముంది? ఈ రెండేళ్లలో ఏమేం విన్నావని అడిగితే కాసేపు తల వంచుకుని, ఎక్కువగా తన పాటే విన్నానన్నాడు. ఎంతమంది చూశారో రోజూ లెక్క చూసుకున్నాడు. గోనె సంచిలో విత్తనమే పోయకుండా రోజుకు పదిసార్లు మూట విప్పి చూశాడన్న మాట.

అయితే ఇది అతని తప్పు మాత్రమే కాదు. ఒక గొంతుకు పేరు రాగానే దానికి కాపలా మొదలవుతుంది. 1980లలో జరిగిన రెండు దావాలను పక్కపక్కన పెట్టి చూడండి. రాక్ గాయకుడు నీల్ యంగ్ అప్పటిదాకా పాడిన పద్ధతి వదిలేసి, గొంతును యంత్రంలోంచి పంపి ఒక ఎలక్ట్రానిక్ ఆల్బమ్, ఆ వెంటనే 1950ల తరహాలో మరో ఆల్బమ్ చేశాడు. అతను అతనిలా పాడడం లేదంటూ 1983లో గెఫెన్ రికార్డు కంపెనీ అతని మీద 33 లక్షల డాలర్లకు దావా వేసింది. అది తీర్పు దాకా వెళ్లకుండా రాజీతో ముగిసింది. మాటలాడలేని తన బిడ్డతో సంభాషించాలన్న ఆరాటం ఆ యంత్రపు గొంతు వెనక ఉందని యంగ్ తరువాత చెప్పాడు. కంపెనీ లెక్కలో అది సరుకు తేడా.

అమెరికా రాక్ గాయకుడు జాన్ ఫోగర్టీది దీనికి తలకిందులు. క్రీడెన్స్ బృందంలో ఉన్నప్పుడు 1970లో తాను కట్టిన ఒక పాట హక్కులు పాత కంపెనీ చేతిలో ఉండిపోయాయి. పదిహేనేళ్ల తరువాత అతను వేరే కంపెనీకి ఇచ్చిన కొత్త పాట ఆ పాత పాటలా ఉందని పాత కంపెనీ దావా వేసింది. అంటే తనను తానే కాపీ కొట్టాడన్న అభియోగం. 1988లో అతను గిటారు పట్టుకుని సాక్షి బోనులో కూర్చుని, తన పాటలు ఎలా పుడతాయో జ్యూరీకి వాయించి చూపించాడు. జ్యూరీ అతని పక్షాన తీర్పు ఇచ్చింది. లాయర్ల ఖర్చుల వాదం 1994లో అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లి, అక్కడా అతనికే అనుకూలమైంది. ఒకరు తనలా లేడని, ఒకరు తనలా ఉన్నాడని! నడి వయసు సంగీతకారుడు రోజూ తనలో తాను వాదించుకునే వ్యాజ్యం ఇదే. వీళ్లిద్దరికీ అది నిజంగానే కోర్టుకెక్కింది.

ఈ చెరలోంచి బయటపడడానికి ఇంగ్లండు రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ చేసినంత పట్టుదలగా మరెవరూ ప్రయత్నించలేదని నా నమ్మకం. అతనితో పనిచేసిన సంగీతకారుడు బ్రయన్ ఈనో, పీటర్ ష్మిట్ అనే చిత్రకారుడితో కలిసి 1975లో ఒక పేకముక్కల కట్ట తయారు చేశాడు. పని ఆగిపోయినప్పుడు ఒక ముక్క తీయాలి, దాని మీద రాసి ఉన్న సూచన పాటించాలి. బౌవీ 1970ల చివర్లో చేసిన ఆల్బమ్‌లలో ఆ కట్ట పనిచేసింది. ఒక పాటకు గిటారిస్టు డ్రమ్స్ మీద, డ్రమ్మరు బేస్ గిటారు మీద కూర్చున్నారు. రాని వాద్యం చేతిలో పెడితే నేర్పు పక్కకు తప్పుకుంటుంది, వినడం మొదలవుతుంది. సుబ్బరాజు గారు చేత పట్టని మాండొలిన్‌ను శిష్యుడికి పాడి నేర్పిన పద్ధతికి ఇది ఎంత దగ్గర! 2016 జనవరి 8న, తన 69వ పుట్టినరోజున, బౌవీ జాజ్ వాద్యకారులతో చేసిన ఆఖరి ఆల్బమ్ వచ్చింది. మరో రెండు రోజులకు ఆయన కన్నుమూశాడు. ఆ ఆల్బమ్ పాత బౌవీలా లేదు.

అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మరో దారి పట్టాడు. 1982 జనవరిలో ఇంట్లో కూర్చుని, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు మీద నమూనాగా కొన్ని పాటలు పాడుకున్నాడు. తరువాత వాటినే స్టూడియోలో పూర్తి బృందంతో ప్రయత్నిస్తే ప్రాణం పోయింది. చివరికి ఆ క్యాసెట్టునే ఆల్బమ్‌గా విడుదల చేశాడు. చేతిలో ఫోను తప్ప ఏమీ లేదని బాధపడే పిల్లలకు ఈ కథ చెబుతాను.

ఇంకో విషయం నాకు చాలా ధైర్యం ఇచ్చింది. డీన్ కీత్ సైమన్‌టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తల వంటి సృజనకారుల జీవితాలను లెక్కలు కట్టి చూశాడు. ఎక్కువ గొప్ప రచనలు చేసినవాళ్లు మొత్తం మీద కూడా ఎక్కువ చేసినవాళ్లే. అనుభవం పెరిగినంత మాత్రాన గురి పెరగదు. వంద చేస్తే అందులో నిలిచేవెన్నో అన్న నిష్పత్తి వయసుతో పెద్దగా మారదు. రెండేళ్లలో ఒక్కటే ప్రయత్నించి, అది మొదటి పాటంత బాగుండాలని పట్టుబట్టడం మనిషి మీద మోయలేని బరువు.

పడి, పాడి

తెలుగులో రాక్ కట్టేవాళ్లకు మరో చిక్కు ఉంది. రాక్ నాలుగు దెబ్బల్లో రెండో దాని మీదా నాలుగో దాని మీదా డ్రమ్ము గట్టిగా పడుతుంది. ఇంగ్లీషు మాటలో సహజంగానే ఒక అక్షరం మీద ఊనిక ఉంటుంది కాబట్టి అది ఆ దెబ్బతో కలుస్తుంది. తెలుగు నడిచేది ఊనికతో కాదు, గురులఘువులతో. ఇంగ్లీషు పాటలా ఒక అక్షరాన్ని పట్టి లాగితే ‘పడి’ కాస్తా ‘పాడి’ అవుతుంది. పైగా మన మాటలు చాలా వరకు అచ్చుతో ముగుస్తాయి. హల్లు దగ్గర కత్తిరించినట్టు ఆపే ఇంగ్లీషు పాట దూకుడు వాటికి నప్పదు. కానీ చివరి అచ్చును ఎంతసేపైనా సాగదీయవచ్చు, అందులో కేక పెట్టవచ్చు.

మా కుర్రాడి మొదటి పాటలో ఈ చిక్కు లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలని అతని చేత డప్పు, గిటారు తీసేసి మాటలు మాత్రం చెప్పించాను. లఘువులు గుంపుగా పరుగెత్తి, పాదం చివర అచ్చు మీద పెద్దగా సాగుతోంది. నాట్ల పాట నడక. ఎక్కడిదని అడిగితే తెలియదన్నాడు. తరువాత గుర్తొచ్చింది. వాళ్ల అమ్మమ్మ నాట్లకు వెళ్లే మనిషి. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఆ పాటలు విన్నాడు.

రిచర్డ్స్ ఐదు తీగల సంగతి, మా ఊరి మాండొలిన్ ఐదు తీగల సంగతి విన్నాక అతను తన గిటారు లావు తీగ తీసేశాడు. స ప స గ ప కట్టుకున్నాడు. మూడు వారాల్లో ఫోనులో పదకొండు ముక్కలు రికార్డు చేసి తెచ్చాడు. ఎక్కువ భాగం ఏమీ లేవు. ఒకటి మొదటి పాటే వేషం మార్చుకుని వచ్చింది. తొమ్మిదో ముక్క రాత్రిపూట చెరువు గట్టు మీద రికార్డు చేసినది. చెరువు నీళ్లలోకి గాలి పట్టించే ఏరియేటర్ల మోతకు షడ్జమం కలిపి వాయించాడు. తంబురాలా ఆ మోత కింద నడుస్తుంటే పైన ఒక చిన్న బిట్ మూడుసార్లు తిరిగి, నాలుగోసారి నేను ఊహించని చోట ఆగింది. మళ్లీ వినిపించమన్నాను.

“ఇది ఎవరి పాటలాగానైనా ఉందాండి, మాస్టారూ?” అని అడిగాడు.

నాకు తెలిసిన పాటలన్నీ మనసులో తిప్పి చూసుకున్నాను. ఏదీ తగల్లేదు.

“అమ్మమ్మకు కూడా వినిపించి అడుగు,” అన్నాను.